బండి తిమ్మిరి

ఆ రోజుల్లో బందరులో గిలకలదిండి వైపు కాపురమున్నవాళ్ళకి కోడికూతతో పనుండేది కాదు. నాంచారయ్య బండి కిక్కు కొట్టాడంటే వీధి వీధంతా లేచి కూర్చోవాల్సిందే. తిట్టేవాళ్ళు తిట్టేవారు, పొయ్యి రాజేసుకునేవాళ్ళు రాజేసుకునేవారు. అతను మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టకుండా, పడవల దగ్గర కొన్న చేపని రెండువైపులా బుట్టల్లో కట్టుకుని, పైన తడిగోనెలు కప్పుకుని, గుడివాడ మార్కెట్టు దారి పట్టేవాడు.

అది బి.ఎస్.ఏ. మోటారుసైకిలు. యుద్ధం అయిపోయాక మిలట్రీవాళ్ళు వదిలించుకున్న సరుకు. వేలంలో ఎవరో మోజుపడి కొన్నారు. నడపలేక ఇంకొకరికి అంటగట్టారు. అలా చేతులు మారీ మారీ చివరికి నాంచారయ్య వాకిట్లో వచ్చి పడింది. వాళ్ళ నాన్న అదే చేపని కావడి వేసుకుని ఊళ్ళమ్మట తిప్పాడు. ఇతను కొన్నాళ్ళు సైకిలు మీద తిప్పాడు, తరవాత ఈ బండి మీద. పేరుకి ఇంజను మోస్తుందంటారు గానీ, ఆ రోడ్ల మీద ఆ బండిని మోసేది మనిషే. గుంటలో పడితే ఎత్తుకోవాలి. వానొస్తే రేగడిమట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య గట్టిగా బిగుసుకుపోతుంది, కర్రపుల్లతో పొడిచి పొడిచి తియ్యాలి. అన్నీ అయ్యాక మార్కెట్టులో మళ్ళీ బేరాలు, మళ్ళీ వెనక్కి ప్రయాణం. నలభై దాటిన మనిషి రోజూ ఇదే చాకిరీ చేస్తే ఒళ్ళు హూనమవక ఏమవుతుంది!

"రైల్లో వెయ్యొచ్చు గదా నాంచారయ్యా," అని సలహా చెప్పేవాళ్ళకి మాత్రం కొదవలేదు. చెప్పడానికేం, నోరేగా. రైల్లో వేస్తే వాసనని గార్డు గోల, పెడన దాటేసరికి పెట్టెలో జనం గోల, గుడివాడలో బుట్ట దిగేసరికి మంచి బేరాలన్నీ అయిపోయుండేవి. అందుకని బండే. ఒంట్లో బాగున్నా బండే, బాగోకపోయినా బండే.

ఇంత చాకిరీలోనూ అతనికి వారానికొక్క సుఖం ఉంది. ఆదివారం మధ్యాహ్నం దైవాధీనం షెడ్డు.

దైవాధీనం మెకానిక్కు. కోనేరు సెంటరుకి కాస్త అవతల రేకుల షెడ్డు అతనిది. చర్చి నుంచి వచ్చీ రాగానే తెల్లచొక్కా విప్పేసి గ్రీజు చొక్కా తగిలించుకునేవాడు. పాడైపోయిన బళ్ళలోంచి తలో ముక్కా పీకి తనకోసం ఒక బండి కట్టుకున్నాడు. "ఇది ఏ కంపెనీదయ్యా?" అని ఎవరైనా అడిగితే "మా ఇంటిదే" అనేవాడు. అక్కడికి జీవానందం వచ్చేవాడు. మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, పాత ఎన్‌ఫీల్డు మీద నిటారుగా కూర్చుని వచ్చేవాడు. దొర డాక్టరు తమ దేశం వెళ్ళిపోతూ ఆయనకిచ్చిపోయిన బండి అది. గుడివాడ నుంచి ధనరాజని ఒక కుర్రాడు వచ్చేవాడు, రైసుమిల్లు గలవాళ్ళబ్బాయి. అతనికి కొత్తగా పెళ్ళయింది, కొత్తగా ఎర్ర జావా కొన్నాడు. రెంటిలో దేని గురించి మొదలెట్టినా ఆపేవాడు కాదు.

ఈ ముగ్గురి మధ్యా వెళ్ళి నాంచారయ్య కూర్చునేవాడు. ఎంత రుద్దుకుని స్నానం చేసినా చేపలవాసన చర్మంలో ఉండిపోతుంది, అది అతనికీ తెలుసు. బస్సెక్కితే పక్కవాడు లేచిపోయేవాడు. కాఫీ హోటల్లో మూల బల్ల చూపించేవారు. దైవాధీనం షెడ్డులో మాత్రం పక్కకి జరిగినవాడు లేడు. జరిగితే చోటివ్వడానికే జరిగేవారు. "రా బావా, ఇటు కూర్చో, నీ ఏనుగు ఇవాళ ఏమంటోంది?" అని దైవాధీనం టీ గ్లాసు చేతిలో పెట్టేవాడు.

ఇక కబుర్లు. పుష్యమాసంలో ఎవరో వరిపనలు రోడ్డు మీద పరిస్తే, ఆ గడ్డి సైలెన్సరుకి చుట్టుకుని అంటుకున్న వైనం దైవాధీనం ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. "వెనకాల మంట, ముందు నేను! బండితో సహా కాలవలోకి దూకాను." బండితో సహా కాదు, బండిని ఒడ్డున పారేసి తనొక్కడే దూకాడని అందరికీ తెలుసు. తెలిసీ ప్రతిసారీ కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. జీవానందం ఎదురుమొండి రేవులో బల్లకట్టు మీద బండిని పట్టుకుని నిలబడ్డ సంగతి చెప్పేవాడు. ధనరాజు పామర్రు దాకా ఎంత వేగంతో వెళ్ళాడో చెప్పేవాడు. ఆ వేగం వారానికి కొంచెం పెరిగేది.

ఒక ఆదివారం, వానాకాలంలో, నాంచారయ్య తన చెయ్యి సంగతి ఎత్తాడు.

"నాకీ మధ్య కుడిచేతి చిటికెనవేలూ దాని పక్కదీ తిమ్మిరెక్కినట్టుంటున్నాయి. మీకూ అంతేనా?"

ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. "తిమ్మిరి రానివాడు బండి నడిపినట్టేనా బావా! నాకు మోచేతి దాకా వస్తుంది," అన్నాడు దైవాధీనం, అదేదో సర్కారువారిచ్చిన బిరుదైనట్టు. జావాకి అంత అదురు లేకపోయినా ధనరాజు తనకి రెండు చేతులూ తిమ్మిరేనన్నాడు. ఆఖరికి జీవానందం కూడా, "ఆసుపత్రికెళ్ళి మందుసీసా పట్టుకుంటే చెయ్యి ఇంకా జివ్వుమంటూనే ఉంటుంది నాంచారయ్యా. బండి తిమ్మిరి అది. మనందరికీ ఉన్నదే," అన్నాడు. మందులిచ్చే మనిషే ఆ మాటన్నాక ఇంకేం కావాలి? నాంచారయ్య ఆ పూట ఇంటికి ఈలవేసుకుంటూ వెళ్ళాడు.

వాళ్ళ తిమ్మిరి సాయంత్రానికి పోయేది. అతనిది పోలేదు. ఆ ముక్క ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

రాను రాను హాండిలు పట్టు తెలియడం మానేసింది. యాక్సిలేటరు ఎంత తిప్పాడో చేతికి అందేది కాదు, ఇంజను మోతని బట్టి పోల్చుకునేవాడు. చెయ్యి జారిపోతోందని ఆ పిడికి వలతాడు గట్టిగా చుట్టి ముడులేసుకున్నాడు. ధనరాజు అది చూసి, "బాబాయ్, భలే ఉపాయం," అని తన కొత్త జావాకి కూడా చుట్టించుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాంచారయ్యకి.

సంక్రాంతి వెళ్ళాక ఒకనాడు అతను అన్నానికి కూర్చుంటే భార్య కొండమ్మ కెవ్వుమంది. "ఏంటయ్యా ఆ కాలు!" కుడి పిక్క మీద అరచెయ్యంత మేర చర్మం ఊడి ఎర్రగా ఉంది. సైలెన్సరు ఆనుకుని కాలిపోయింది. గుడివాడ నుంచి బందరు దాకా కాలుతూనే వచ్చిందేమో, అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. కొండమ్మ కొబ్బరినూనె రాస్తూ, "మొద్దుబారిపోయావు," అంది. మామూలుగానే అంది. అతను మాత్రం కంచం పక్కకి నెట్టేశాడు.

అతని చిన్నప్పుడు మేనమామ ఒకాయన ఉండేవాడు. మంచి ఈతగాడు. ఆయనకీ ఇలాగే, ముందు వేళ్ళు మొద్దుబారాయి, తరవాత కాలిన గాయాలు తెలియలేదు. పెద్దరోగమన్నారు, కుష్టని పైకి అనేవారు కాదు. ఊరవతల సరుగుడు తోపులో గుడిసె వేసి పెట్టారు. సొంత అక్క, అంటే నాంచారయ్య తల్లి, చిప్పలో అన్నం తీసుకెళ్ళి దూరంగా ఇసకలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేది. ఆయన ఎప్పుడు పోయాడో కూడా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఇది అదేనా? కాదు, బండి తిమ్మిరే. కాదు, అదే. ఈ రెంటి మధ్యా పడి నాంచారయ్య నలిగిపోయాడు. చేపలమ్మేవాడి చేతికి పెద్దరోగమని పొక్కిందంటే గుడివాడ మార్కెట్టులో వాడి మొహం ఎవడు చూస్తాడు? వ్యాపారం సంగతి అలా ఉంచండి. ఆ షెడ్డులో బల్ల మీద అతని పక్కన మళ్ళీ ఎవరు కూర్చుంటారు? ఈ రెండో భయమే పెద్దదని తెలిసి అతనికే సిగ్గేసింది. పంచె కట్టడం మానేసి పొడుగు లాగు వేసుకోవడం, నలుగురిలో ఉన్నప్పుడు కుడిచెయ్యి జేబులో దూర్చుకోవడం మొదలెట్టాడు. రోజంతా చాకిరీ, దానిమీద ఈ దాపరికం. చాకిరీకన్నా దాపరికమే అతన్ని ఎక్కువ అలిసిపోయేలా చేసింది.

ఇంతలో ఈస్టరు వచ్చింది.

ఆ నలుగురికీ ఒక ఆచారం ఉంది. ఏటా ఈస్టరు మర్నాడు, రోడ్లు ఎండి ఉంటాయి గనక, దివిసీమ దాకా వెళ్ళేవారు. అయితే ఎవరి బండి మీద వాళ్ళు వెళ్ళకూడదు. ఏది ఏ బండిదో గుర్తు గీసిన నాలుగు ట్యూబు మూతలూ విప్పి గ్రీజు డబ్బాలో వేసి, కళ్ళు మూసుకుని తలొకటి తియ్యాలి. ఏ బండి మూత వస్తే పులిగడ్డలో ఏటి మీంచి కాలవని దాటించే ఆక్విడక్టు దాకా ఆ బండి నడపాలి. అక్కడ నీడ చూసుకుని కూర్చుని, ఆ బండి తన యజమాని గురించి ఏం చెప్పిందో నలుగురిలో చెప్పాలి. యజమాని కోపం తెచ్చుకోకూడదు. మనిషి దాచుకున్నది బండి దాచలేదని వాళ్ళ నమ్మకం. బండి ఇవ్వననడం మాత్రం చెల్లదు. అలా అంటే మిమ్మల్ని నమ్మట్లేదని మొహం మీద అన్నట్టే.

నాంచారయ్య బండికి బాగోలేదని కబురంపాడు. దైవాధీనం ఊరుకుంటాడా? పానాల సంచీ భుజాన వేసుకుని ఊడిపడ్డాడు. ప్లగ్గు విప్పి చూశాడు, కార్బరేటరు ఊదాడు, ఒక్క కిక్కుకి స్టార్టు చేశాడు. "బండికేం రోగం లేదు. రోగమంతా నీకే బావా, బద్ధకం రోగం," అని వీపు మీద చరిచాడు. నాంచారయ్యకి ఇంక తప్పించుకునే దారి లేకపోయింది. ఆ సాయంత్రం వేణ్ణీళ్ళు కాచి, ఫినాయిలు పోసి, హాండిలు పిడి తోమిందే తోమాడు. పాత వలతాడు కాల్చేసి కొత్తది చుట్టాడు. కొండమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ, "పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నావా ఏంటి దాన్ని?" అంది. అతను తాడు ముడి ఇంకోసారి బిగించాడు.

తన బండి దైవాధీనానికి పడితే బావుండునని అతని ఆశ. దైవాధీనం ఇంజను తప్ప ఇంకేం చూడడు. ధనరాజుకి పడినా పరవాలేదు, వాడికి వేగం తప్ప ఇంకేం పట్టదు. జీవానందానికి పడింది. నాంచారయ్యకి జీవానందం ఎన్‌ఫీల్డు వచ్చింది.

బందరు దాటగానే అతనికి చెమటలు పోశాయి. తన బండి మోత అతనికి కొట్టినపిండి. ఈ బండి మోత వేరు. పిడికి తాడు లేదు, నున్నటి రబ్బరు. చెయ్యి ఎంత తిప్పిందో చెవికీ తెలియలేదు, చేతికీ తెలియలేదు. ఘంటసాల దారి చీలేచోట మినపకట్టె రోడ్డు నిండా పరిచి ఉంది, బస్సులు తొక్కితే గింజ రాలుతుందని. నెమ్మదిగా పోనిద్దామనుకున్నాడు. బండి ఒక్కసారిగా ముందుకి దూకింది. కట్టె తిరగేస్తున్న ఆడమనిషి పక్కకి గెంతి, "కళ్ళు నెత్తికెక్కాయా నీకు! చంపేద్దామనుకున్నావా!" అని శాపనార్థాలు పెట్టింది. ఎలాగో చచ్చీచెడీ నిలదొక్కుకున్నాడు. ముందు వెళ్తున్న జీవానందం వెనక్కి తిరిగి అంతా చూశాడు.

చల్లపల్లిలో సోడా తాగడానికి ఆగారు. దైవాధీనం, ధనరాజు కొట్టు దగ్గర బేరమాడుతున్నారు. జీవానందం బి.ఎస్.ఏ. పక్కన గొంతుక్కూచున్నాడు. నాంచారయ్య దూరం నుంచే చూస్తున్నాడు. ఆయన పిడికి చుట్టిన తాడు మీద వేలు పెట్టి రాశాడు. ముందు చక్రం బ్రేకు నొక్కి చూశాడు. ఎన్నాళ్ళనుంచో నొక్కక అది బిగుసుకుపోయింది. తరవాత వంగి సైలెన్సరు చూశాడు. ఎంత తోమినా ఒకచోట నల్లగా మాడి అంటుకున్న చర్మం మిగిలిపోయింది. ఆయన దాన్ని గోటితో గీకి చూసి, లేచి, నాంచారయ్య కుడికాలి వైపు చూశాడు. లాగులోంచి ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. అయినా నాంచారయ్య ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు.

అక్కణ్ణించి పులిగడ్డ దాకా ఎలా వచ్చాడో అతనికే తెలియదు.

ఆక్విడక్టు దగ్గర కింద ఏట్లో ఇసక తెల్లగా మెరుస్తోంది. కాలవకి నీళ్ళు అప్పుడే కట్టేశారేమో, పైన చీలమండ లోతు నీళ్ళున్నాయి. గట్టు మీద తుమ్మచెట్ల నీడలో నలుగురూ కూర్చున్నారు. దైవాధీనం ముందు అందుకున్నాడు. అతను నడిపింది జావా.

"అబ్బాయ్ ధనరాజూ, నీ బండి ఏం చెప్పిందో తెలుసా? బ్రేకు కొత్తపెళ్ళికూతురిలా ఉంది, ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. హారను మాత్రం అరిగిపోయింది. ఇలా అయితే మీ ఆవిడ నీతో ఎక్కడికీ రాదురోయ్!"

అందరూ నవ్వారు. ధనరాజు సిగ్గుపడి, దైవాధీనం బండి సంగతి అందుకున్నాడు. "ఊరందరి బళ్ళూ బాగుచేస్తాడు గానీ, సొంత బండికి ఒక్క నట్టు బిగించడు. చల్లపల్లి నుంచి ఇక్కడి దాకా నా మోకాలు అడ్డంపెట్టి ట్యాంకుని పట్టుకొచ్చాను!" మళ్ళీ నవ్వులు. నాంచారయ్య కూడా నవ్వాడు. ఎన్‌ఫీల్డు గురించి ఏదో చెప్పాడు, చాలా పద్ధతైన బండి, యజమానిలాగే గట్టిగా మాట్లాడదని. అదీ బాగానే ఉందన్నారు.

జీవానందం వంతు వచ్చింది. ఆయన చాలాసేపు పంటు మీద దుమ్ము దులుపుకుంటూ కూర్చున్నాడు.

"ఈ బండి నాకేమీ చెప్పలేదు," అన్నాడు.

"అదేం మాట! ఏమీ చెప్పకపోవడమేంటి? ఇన్నేళ్ళలో ఎవరైనా అలా అన్నారా?" దైవాధీనం గోల పెట్టాడు.

"నాకు వినపడలేదు. అంతే." ఆయన నాంచారయ్య వైపు చూడకుండానే అన్నాడు. ఆయన మొహం బాగా వాడిపోయి ఉంది.

నాంచారయ్యకి అర్థమైపోయింది. ఈయనకి తెలుసు. తెలిసి దాస్తున్నాడు. గండం గడిచింది. ఇంటికెళ్ళొచ్చు, రేపు మళ్ళీ గుడివాడ వెళ్ళొచ్చు, వచ్చే ఆదివారం ఆ బల్ల మీద మళ్ళీ కూర్చోవచ్చు. సంతోషపడాల్సిన మాటే. కానీ అతనికి సంతోషమనేది రాలేదు. ఇంకెన్నాళ్ళు ఈ చెయ్యి జేబులో పెట్టుకు తిరగాలి భగవంతుడా, అనిపించింది.

ధనరాజు హుషారుగా లేచాడు. "కాంపౌండరు గారికి వినపడకపోతే నాకు వినపడుతుంది. వెనక్కి ఏనుగుని నేను నడుపుతా బాబాయ్. నువ్వు నా జావా తీసుకో." అరచేతులు చూసుకున్నాడు. దైవాధీనం బండి బిగుసుకుపోయిన క్లచ్చు నొక్కీ నొక్కీ చెయ్యి బొబ్బలెక్కి, ఒకటి చితికి నీరు కారుతోంది. ఆ చేత్తోనే బి.ఎస్.ఏ. పిడి పట్టుకోబోయాడు.

"ముట్టుకోవద్దు!"

ఆ కేక నాంచారయ్యదేనని అతనికే తెలియలేదు. తుమ్మల మీద కాకులు లేచిపోయాయి.

ధనరాజు మొహం ఎర్రబడింది. "ఏం, నా చెయ్యి పడితే మీ బండి అరిగిపోతుందా బాబాయ్? ఇన్నాళ్ళూ బాబాయ్ బాబాయ్ అని తిరిగినందుకు..."

"అది కాదురా అబ్బాయ్. నీ చెయ్యి చితికి ఉంది. నా చేతికి..." కుడిచెయ్యి జేబులోంచి తీసి ముందుకి చాపాడు. చిటికెనవేలూ పక్కవేలూ లోపలికి వంగి ఉన్నాయి. "మా మేనమామకి వచ్చినట్టుంది. వానాకాలం నించీ ఉంది. ఏమీ తెలియట్లేదు దీనికి."

ధనరాజు వెనక్కి వెనక్కి జరిగాడు. కాలవలోకి దిగి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. ఇసక తీసుకుని మళ్ళీ రుద్దుకున్నాడు. వాణ్ణి తప్పుపట్టి ఏం లాభం? అలా చేసేవాళ్ళనే చూస్తూ పెరిగాడు వాడు.

"ధనరాజూ, పైకి రా," అన్నాడు జీవానందం. "పిడి పట్టుకుంటే అంటుకునేది కాదది. ఆసుపత్రిలో ఆ వార్డులో మాత్రలిచ్చేది నేనే. నా చేతికేమైంది? ఇప్పుడు మంచి మందులొచ్చాయి. ఏళ్ళ తరబడి మింగాలి గానీ తగ్గుతుంది." తరవాత గొంతు తగ్గించి, "ఆ రోజు షెడ్డులో నా ముందే గదా చెప్పాడు. నేనేం చేశాను? నాకూ ఉందని ఇకిలించాను," అన్నాడు.

దైవాధీనం అప్పటిదాకా నోరు తెరుచుకుని చూస్తున్నవాడు ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. "ఇన్నాళ్ళూ దాస్తావా? మేం నీకేమీ కామా? ఎవరనుకున్నావురా మమ్మల్ని!" అని రాయి తీసి కాలవలోకి విసిరాడు. అంత అరిచినవాడూ ఉన్నట్టుండి చల్లబడిపోయాడు. తన చేతులు తిరగేసి చూసుకున్నాడు.

"కాంపౌండరు గారూ... మరి నా తిమ్మిరో?"

ఎవరూ నవ్వలేదు. మోచేతి దాకా తిమ్మిరని గొప్పలు పోయిన మనిషి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. జీవానందం తుమ్మకొమ్మ వంచి ఒక ముల్లు విరిచాడు. "కళ్ళు మూసుకో. గుచ్చినప్పుడల్లా చెప్పు."

"అబ్బా! చంపావు గదయ్యా! అబ్బబ్బా, ఇదీ తెలిసింది! ఇదీ తెలిసింది!" దైవాధీనం వేలు నోట్లో పెట్టుకుని చిందులు తొక్కాడు. ముల్లు గుచ్చుకుంటే అంత సంబరపడ్డ మనిషిని ఎవరూ చూసుండరు. అంతలోనే నాంచారయ్య మొహం చూసి, తప్పు చేసినవాడిలా ఆగిపోయాడు.

ధనరాజు పిలవకుండానే గట్టెక్కి వచ్చి తడిచేతులు చాపాడు. వాడికీ నొప్పెట్టింది. కళ్ళనీళ్ళు తిరిగేలా నొప్పెట్టింది. నొప్పెట్టిందని పైకే రెండుమూడుసార్లు చెప్పుకుని, వెళ్ళి తన జావా పక్కన నిలబడ్డాడు. మళ్ళీ దగ్గరికి రాలేదు.

అదంతా చూస్తున్న నాంచారయ్యకి, ఏమంటారో దాన్ని, ఆశ పుట్టింది. చూడబోతే తనకీ అంతేనేమో! మేనమామ సంగతి తలుచుకుని తలుచుకుని బుర్ర పాడుచేసుకున్నాడేమో. కాలింది బండి మీద అలిసి కునుకు పట్టినప్పుడేమో. వేళ్ళు వంగింది అన్నేళ్ళు పిడి పట్టుకుని పట్టుకునేమో. ఎంత అలిసిపోయిన మనిషిలోనైనా ఆ దిక్కుమాలిన ఆశ చావదు గదా.

"నాకూ చూడండి కాంపౌండరు గారూ," అని గట్టు మీద కూర్చున్నాడు. "నాది బండి తిమ్మిరేనేమో. ఇంతవరకూ ఎవరూ గుచ్చి చూడలేదు గదా."

జీవానందం ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ పంటుకి మట్టయినా చూసుకోలేదు. కొత్త ముల్లు విరిచి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. నాంచారయ్య కళ్ళు మూసుకున్నాడు.

అవనిగడ్డ వైపు నుంచి బస్సు వస్తున్న మోత వినపడుతోంది. కింద ఏట్లో ఎవరో బర్రెల్ని అదిలిస్తున్నారు. మనసంతా ఆ చిటికెనవేలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. రానీ, నొప్పి రానీ. ఎంత నొప్పయినా సరే రానీ. దైవాధీనంలా అబ్బా అని అరుద్దామని నోరు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"ఊఁ, కానివ్వండి," అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

"నొప్పెడుతుందని మొహమాటపడకండి. గట్టిగానే గుచ్చండి."

బస్సు వచ్చింది, ఆక్విడక్టు దాటి వెళ్ళిపోయింది. మోత సన్నగిల్లాక దైవాధీనం ముక్కు ఎగబీలుస్తున్నట్టు వినపడింది. వీడెందుకు ఏడుస్తున్నాడు అనుకుంటూ నాంచారయ్య కళ్ళు తెరిచాడు.

ముల్లు వేలి లోపలికి సగం దాకా దిగి ఉంది. పక్కనే ఇంకో రెండుచోట్ల గుచ్చిన గుర్తులు. నెత్తురు కారి జీవానందం అరచేతిలోకి, అక్కణ్ణించి చొక్కా చేతి అంచు మీదికి వెళ్ళింది.

నాంచారయ్య దాని వంక చూశాడు.

"గుచ్చి ఎంతసేపయిందండీ?" అన్నాడు.

జీవానందం ఆ చెయ్యి వదల్లేదు.